ఫ్యాను తిరిగితే పదవి ఉన్నట్టు

మొన్న ఒక శిక్షణ తరగతిలో, ప్రభుత్వ భవనాల్లో కరెంటు ఆదా గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఎదురుగా కూర్చున్న వాళ్లంతా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు. వాళ్ల దగ్గరున్న పరికరాలు చూసి నాకు ముచ్చటేసింది. గోడకు గురిపెడితే గోడ ఎంత వేడిగా ఉందో చెప్పేస్తున్నాయి. మా రోజుల్లో ఆ పనికి అరచెయ్యి వాడేవాళ్లం. మాట్లాడటం మొదలుపెట్టాక నాలుగు మాటలు నలభై అయ్యాయి, టీ చల్లారింది, నిర్వాహకుడు మర్యాదగా గడియారం వైపు చూశాడు. గొంతులో మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, ఏ ఫైలు ఏ బల్ల మీద నిద్రపోయింది లాంటివి రాయను. వాటిలో సగం నాకు గుర్తులేవు. గుర్తున్న సగం మా ఇంట్లో వినీ వినీ విసిగిపోయారు.

బందు నుంచి బందుకు

మాది మొగుళ్లపల్లి. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం ఆందోళన వచ్చినప్పుడు నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం కంటే హాస్టల్లో ఉన్నాను అనడం నిజానికి దగ్గర. బస్సులు బందు, దుకాణాలు బందు, కాలేజీ బందు. ఊరేగింపుల్లో అరిచి అరిచి నా గొంతు కూడా బందు అయింది. మా నాయిన ఎడ్లబండి మీద కొంత, నడిచి కొంత వరంగల్ చేరి, నన్ను చూసి ఒకే మాట అన్నాడు: "అన్ని బందైనయి గదా బిడ్డా, ఇంటికి రా. నాట్లకు మనుషులు దొరుకుతలేరు." వెళ్లి నాట్లేశాను. నేను వేసిన వరుస చూసి మా అవ్వ, వీడు ఇంజనీరే అయితే మంచిదని తేల్చేసింది.

మా ప్రాంతంలో దీపం ఆర్పమని చెప్పాలంటే 'లైటు బందు చెయ్యి' అంటాం. అలా చూస్తే నాది తిన్నని దారే. కుర్రతనంలో దుకాణాలు బందు చేయించాను, ఉద్యోగంలో చేరి లైట్లు బందు చేయించాను. సర్కారు భవనాల కరెంటు పని చూసే శాఖలో ఇంజనీరుని కాబట్టి కొత్త వైరింగు, పాత వైరింగు అన్నీ నావే. అయినా జనానికి నేను 'బందు సారు'గానే గుర్తు.

రహీం సాబ్ చూపించిన రోషన్‌దాన్

మొదటి పోస్టింగు జనగామ. మా పై అధికారి రహీం సాబ్. నిజాం కాలం నాటి మనిషి. కోపం ఎక్కువ, మధ్యాహ్నం కునుకు ఇంకా ఎక్కువ. సంతకం కావాలంటే ఆ రెండింటి మధ్య సందు చూసుకుని వెళ్లాలి. కింది వాళ్లను నలుగురి ముందు తిట్టేవాడు, అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ భవనాన్ని చూడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

చేరిన కొత్తలో ఒకరోజు నన్ను ఒక పాత ఆఫీసుకు తీసుకువెళ్లాడు. డంగుసున్నం గోడలు, ఎత్తయిన కప్పు, మిట్టమధ్యాహ్నం. లోపల బల్బులన్నీ వెలుగుతున్నాయి. ఎందుకు వెలుగుతున్నాయో చెప్పమన్నాడు. నేను పుస్తకం తెరిచినట్టు వాట్లు, గది కొలతలు, వెలుతురు లెక్కలు మొదలుపెట్టాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించి కప్పు కింద గోడకున్న చిన్న కిటికీలు చూపించాడు. గాలీ వెలుతురూ రావడానికి తాడు లాగి తెరిచేవి అవి. వాటి తాళ్లు ఎప్పుడో తెగిపోయాయి. ప్రతి దసరాకు సున్నం వేసిన వాళ్లు గోడతో పాటు అద్దాలకు కూడా వేశారు.

"గిది రోషన్‌దాన్, మియా," అన్నాడాయన. "దాన్ ఉన్నది. రోషనీ ఏది, వెలుతురు ఏది? సున్నం తాగేసింది."

అద్దాలు గీకించాం, తాళ్లు కట్టించాం, కింది కిటికీలకు అడ్డంగా పేర్చిన ఫైళ్ల మూటలు జరిపించాం. గది తెల్లగా తేరుకుంది. ఒక గుమాస్తా మాత్రం తన మీద ఎండ పడుతోందని నెల రోజులు మాతో మాట్లాడలేదు. అప్పటిదాకా ఆ మసకలో ఆయన పనిచేస్తున్నాడో, కునుకు తీస్తున్నాడో ఎవరికీ తెలిసేది కాదట. వెలుతురు అందరికీ ఇష్టమే అనుకోవడం ఇంజనీర్ల అమాయకత్వం. ముందు కిటికీ చూడు, తర్వాత మీటరు చూడు అనేది రహీం సాబ్ పద్ధతి. నేను మీకు ఇవ్వగలిగిన సాంకేతిక సలహా ఇంతకు మించి లేదు.

డాక్టరమ్మ గది

తర్వాత మానుకోట వైపు, అదే ఇప్పటి మహబూబాబాద్ వైపు, ఒక ఊళ్లో పనిచేశాను. ఊరి పేరు చెప్పను. ఆ ఆఫీసుల్లో ఇప్పుడున్న వాళ్లు కర్రలు పట్టుకుని వస్తే పరుగెత్తే వయసు కాదు నాది.

ఆ ఊళ్లో ఒకే రోడ్డు మీద, ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద మూడు సర్కారు భవనాలు ఉండేవి. ముందు పంచాయతీ సమితి ఆఫీసు, దాని పక్కన వచ్చిపోయే అధికారులు దిగే ముసాఫిర్ బంగ్లా, అన్నిటికీ చివర దవాఖాన. ఇప్పటి మండలాలు రాకముందు కొన్ని ఊళ్లు కలిపి ఒక సమితి ఉండేది. దాని ప్రెసిడెంటు మాట ఆ ఊళ్లన్నిటికీ చెల్లేది. కరెంటు కూడా అదే వరుసలో పోయేది. సమితి తాగగా మిగిలింది బంగ్లాకు, బంగ్లా తాగగా మిగిలింది దవాఖానకు. తీగ సన్నం, దూరం ఎక్కువ. దవాఖాన చేరేసరికి వోల్టేజీ నీరసించిపోయేది.

దవాఖానలో డాక్టరు సులోచన. కొడకండ్ల దగ్గర చిన్న సేద్యం చేసుకునే క్రైస్తవ కుటుంబం ఆమెది. ఊరంతా డాక్టరమ్మ అనేవాళ్లు. తిరిగి తిరిగి ఆమె ఒక ఆపరేషను గది సంపాదించింది: బల్ల, పైన పెద్ద దీపం, నెత్తురు లాగేసే ఒక చిన్న మోటారు మిషను. కాన్పు కష్టమైన ఆడవాళ్లను అంతకుముందు రైలెక్కించి వరంగల్ పంపేవాళ్లు. రైలు దొరకాలి, దొరికినా కాన్పు మనిషికి అంత వ్యవధి ఉండాలి. ఆ గది వచ్చాక ఆ అవసరం లేదనుకున్నారు. కానీ పగలు ఆఫీసులు నడిచే వేళ మిషను స్విచ్చు వేస్తే మోటారు తిరగదు, మూలుగుతుంది.

నన్ను పిలిచి మిషను వేసి వినిపించింది. "విన్నవా సారూ? నా దగ్గరికి నొప్పులతోని వచ్చేటోళ్ల కన్న గిదే ఎక్కువ మూలుగుతది."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. జిల్లా నుంచి వచ్చిన పై డాక్టరు ఒక మాట చెప్పి వెళ్లాడట: వానలు పడేలోగా గది సరిగ్గా నడవాలి, ఒక్క ఆపరేషను మధ్యలో ఆగినా సామానంతా వరంగల్ వెళ్లిపోతుంది. కొత్త ట్రాన్స్‌ఫార్మరు అడగొచ్చు కదా అంటారు మీరు. అడిగాం. అది మా శాఖది కాదు, దాని వరస దానికుంది. ఉన్న కరెంటునే ముందు ఆఫీసుల్లో తగ్గించి చివరిదాకా చేర్చడం తప్ప మార్గం కనపడలేదు. ఆదా అనే మాటకు అర్థం నాకు అక్కడే తెలిసింది. అది బిల్లు సంగతి కాదు. ఇక్కడ వదులుకుంటే అక్కడ ఒకరికి అందుతుంది, అంతే.

ఆగిన రెక్కలు

అప్పటికి మా పై అధికారి మారాడు. ఆయన జాగ్రత్తపరుడు. మనిషి లేని గదిలో ఫ్యానూ లైటూ ఆర్పాలని ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేని ఉత్తర్వు. నేను సమితి ఆఫీసుకు వెళ్లి అటెండరు సాయిలుకు చదివి వినిపించాను. సాయిలు చాలా శ్రద్ధగా విని, "పటేల్ కుర్సి మీది ఫ్యాను గూడనా సారూ?" అని అడిగాడు. ప్రెసిడెంటు గారిని అందరూ పటేల్ అనేవాళ్లు. గదిలో లేకపోతే అదీ ఆర్పమన్నాను. సాయిలు నన్ను జాలిగా చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ ఊళ్లో పద్ధతి ఏమిటంటే, పొద్దున ఆఫీసు ఊడవగానే సాయిలు చేసే మొదటి పని ప్రెసిడెంటు కుర్చీ మీది ఫ్యాను వేయడం. పటేల్ ఊళ్లో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా అది సాయంత్రం దాకా తిరిగేది. ఆయన గది కిటికీ అద్దాలకు కిందంతా నీలం రంగు వేసి ఉండేది, లోపల ఒక బీరువా అడ్డం. బయటి నుంచి పై అద్దంలో ఫ్యాను రెక్కలు తప్ప ఏమీ కనిపించవు. బస్సు దిగిన రైతు ఆ రెక్కలు చూసి, పటేల్ ఉన్నాడు లేదా వస్తాడు అనుకుని అరుగు మీద కూర్చునేవాడు.

అవి సమితిలో అవిశ్వాసం అంటూ గుసగుసలు నడుస్తున్న రోజులు. ఉత్తర్వు ప్రకారం ఫ్యాను ఆగింది. పటేల్ వెనక గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. బస్సు దిగిన వాళ్లు ఆగిన రెక్కలు చూశారు, మళ్లీ అదే బస్సెక్కారు. సాయంత్రానికల్లా చుట్టుపక్కల ఊళ్లలో పటేల్ దిగిపోయాడన్న మాట పాకింది. ఒక ఊళ్లో అవతలి వర్గం వాళ్లు శనగలు బెల్లం పంచుకున్నారట కూడా.

మర్నాడు పటేల్ నన్ను పిలిపించాడు.

"ఏం సారూ, నా కుర్సి కింద మంట పెట్టినవట?"

"ఫ్యాను ఆపినమండి. మంట పెట్టలే."

"ఒకటే గదా. కాయితం సదివి నా పదవి ఉన్నదని తెలుసుకునేటోళ్లు ఎందరున్నరు ఈడ? గా రెక్కలు తిరిగితె పటేల్ ఉన్నడంటరు. ఇగ రాత్రి గూడ తిరుగుతది. పో."

ఆ రోజు నుంచి ఆఫీసులో ఉన్న ప్రతి ఫ్యానూ ప్రతి లైటూ పట్టుదలగా నడిచాయి. దవాఖానలో మిషను మూలగడం కూడా మానేసింది. డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆమె గ్లవ్సులు ఉతుకుతూనే విన్నది.

"మీ ఇద్దరి పంచాయితి మంచిగున్నది," అన్నది. "ఆయన కుర్సి పోవద్దు, నీ ఉత్తర్వు పోవద్దు. పోయేది నా గదే."

కిటికీ, బీరువా, టీ

తల వంచుకుని బయటికి వచ్చాను. అప్పుడు చేసిన పని మొదట్లోనే చేయాల్సింది: సమితి ఆఫీసు చుట్టూ ఊరికే తిరిగాను. ఒకరోజు భోజనాల వేళ ఫ్యాన్లు కాసేపు ఆపించి మీటరు చూశాను. చక్రం వేగం తగ్గలేదు, జోరుగా తిరుగుతూనే ఉంది. వెతుక్కుంటూ వెనక గదికి వెళ్తే అక్కడ నేల మీద కరెంటు పొయ్యి ఎర్రగా కాలుతోంది, దాని మీద గిన్నె. సాయిలు పొద్దున పెట్టిన టీ సాయంత్రం దాకా దాని మీదే మరుగుతుంది. ముసాఫిర్ బంగ్లాలో చూస్తే నీళ్లు కాచే హీటరు, ఎవరన్నా అధికారి వస్తాడేమోనని, ఎవరూ రాని రోజుల్లో కూడా వేడిగా ఎదురుచూస్తోంది. ఆఫీసులో రోజూ తిరిగే ఫ్యాన్లన్నీ కలిపి కూడా ఆ రెండింటికి సాటి రావు. నలుగురికీ కనిపించే రెక్కలతో మేం గొడవపడుతుంటే, కరెంటు వెనక గదిలో టీ తాగుతోంది.

కొత్తవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆర్పమని చెప్పే ముందు అది ఎందుకు వెలుగుతోందో తెలుసుకోండి. బల్బు ఒక్క వెలుతురు కోసమే వెలగదు, ఫ్యాను ఒక్క గాలి కోసమే తిరగదు.

సాయిలుకు కిరోసిన్ స్టవ్ ఇప్పించాం. టీ వాసన మారిందని చాలా కాలం సణిగాడు. బంగ్లా హీటరు తాళం కాపలావాడి దగ్గర పెట్టాం, మనిషి దిగితేనే వేయాలని. ఇక మిగిలింది పటేల్ గది. ఆయన దగ్గరికి వెళ్లి ఫ్యాను మాటే ఎత్తలేదు. కిటికీ గురించి మాట్లాడాను. బీరువా పక్కకు జరిపి, నీలం రంగు గీకేస్తే, రోడ్డు మీద పోయేవాళ్లకు రెక్కలు కాదు, పటేలే కనిపిస్తాడని చెప్పాను. ఆయన కొంచెంసేపు మీసం మీద చెయ్యి వేసుకుని ఆలోచించాడు.

"మరి నేను లేనప్పుడు?"

"లేరని తెలుస్తదండి."

"అదే పరేషాన్," అన్నాడు. కానీ ఒకరోజు చూద్దామన్నాడు.

కిటికీ తెరుచుకున్న పొద్దున బస్సు దిగిన వాళ్లు రోడ్డు మీది నుంచే దండాలు పెట్టారు. పటేల్ కూర్చున్నచోటి నుంచే పేర్లు పెట్టి పిలిచి, పొలం ఎట్లుందని, బిడ్డ ఎట్లుందని అడగడం మొదలుపెట్టాడు. గాలి కూడా ఆ కిటికీలోంచే వచ్చేది. వారం తిరిగేసరికి ఆయన తన ఫ్యాను సంగతి మర్చిపోయాడు. దిగిపోయాడన్న పుకారు కూడా సద్దుమణిగింది. దవాఖానలో మిషను తిరిగింది. డాక్టరమ్మ నన్ను పిలిచి మళ్లీ వినిపించింది. ఈసారి ఇద్దరం నవ్వాం.

ఓడిపోయినది ఒకటి

అన్నీ ఇలాగే జరిగాయని చెబితే మీరు నమ్మకూడదు. ఎనభైలలో భూపాలపల్లి వైపు పనిచేశాను. బొగ్గు కోసం కొత్తగా మనుషులు చేరుతున్న చోటు. అక్కడ ఒక కొత్త ఆఫీసు కట్టారు. ఎక్కడో కూర్చుని గీసిన నమూనా అది. పొట్టి కప్పు, పడమరకు పెద్ద పెద్ద అద్దాలు, వరండా లేదు. ఈ ఎండకు ఇది పొయ్యి అవుతుంది, పడమర వైపు వసారా ఇవ్వండి అని రాశాను, మాట్లాడాను, బతిమాలాను. నమూనా గీసినాయన నా మాట యాసకు నవ్వి, ఫ్యాన్లు ఎక్కువ పెట్టుకోండి అన్నాడు. పెట్టుకున్నాం. తర్వాత కూలర్లు పెట్టుకున్నాం. టేకుమట్ల నుంచి పని మీద వచ్చే ముసలివాళ్లు లోపలికి రాలేక బయట వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు. ఆ భవనంలో చల్లగా ఉన్న చోటు అదొక్కటే, అది నమూనాలో లేదు.

కట్టేటప్పుడు చేసిన తప్పును స్విచ్చుతో దిద్దలేం. మీరు చేరిన శాఖలో నమూనా గీసే వాళ్లతో ముందే స్నేహం చేయండి. నాకు అది చేతకాలేదు.

సర్వసభ్య సమావేశం

ఇక ఆ దవాఖాన గది సంగతి పూర్తి చేస్తాను.

వానలు ఇంకా రాలేదు. ఎండలు పెటపెటలాడుతున్నాయి. సమితి సర్వసభ్య సమావేశం. చుట్టుపక్కల సర్పంచులందరూ వచ్చారు. మామూలు రోజుల్లో మూసి ఉండే పెద్ద హాల్లో కూడా ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, మైకు పెట్టారు. సర్కారు భవనాల కరెంటు మీద ప్రశ్నలు వస్తే జవాబు చెప్పడానికి నన్నూ ఒక మూల కూర్చోబెట్టారు. ఒక సర్పంచు మైకు పట్టుకుని తమ ఊరి బావి గురించి చాలాసేపటి నుంచి చెబుతున్నాడు.

దవాఖాన సిస్టరు పరుగులాంటి నడకతో లోపలికి వచ్చింది. నేరుగా నా దగ్గరికే వచ్చి చెప్పింది. తండా నుంచి ఒకామెను ఎడ్లబండిలో తెచ్చారు, బిడ్డ అడ్డం తిరిగింది, కోయక తప్పదు. మిషను వేస్తే తిరగడం లేదు. డాక్టరమ్మ చేతులు కడుక్కుని నిలబడి ఉంది.

నేను లేచాను. ఫ్యాన్లు ఆపమని ఆ ఆఫీసులో ఒకసారి చెప్పి ఏమైందో నాకు గుర్తుంది. పైగా ఆ రోజు పటేల్‌కు అవతలి వర్గం వాళ్లంతా ఎదురు వరసలోనే కూర్చుని ఉన్నారు. నా తడబాటు చూసి పటేలే అడిగాడు, ఏందని. సిస్టరు అందరికీ వినపడేలా చెప్పింది.

పటేల్ తల ఎత్తి పైన తిరిగే రెక్కలు చూశాడు. ఎదురు వరస వైపు చూశాడు.

"సాయిలూ, అన్ని బందు చెయ్యి. మైకు గూడ."

వెనక నుంచి ఎవరో, గీ ఎండకు సస్తం పటేలా అన్నారు.

"నువ్వు సావవు తీ. ఆడ సచ్చేటట్టున్నది ఒకామె."

రెక్కలు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయాయి. ఎవరన్నా పొరపాటున మళ్లీ వేస్తారేమోనని నేను వెళ్లి మెయిన్ బోర్డు దగ్గర నిలబడ్డాను. అన్నేళ్ల చదువు చదివి, ఆ రోజు నా వంతు పని స్విచ్చు పక్కన నిలబడటం. బావి గురించి చెబుతున్న సర్పంచు మైకు లేక కొంతసేపు అరిచి చెప్పాడు, తర్వాత గొంతు తగ్గించాడు, తర్వాత తనే కూర్చున్నాడు. కండువాలు తీసి విసురుకున్నారు. ఎజెండా కాగితాలు విసనకర్రలయ్యాయి. ఎదురు వరసలో వాళ్లు కూడా లేచి పోలేదు. దవాఖాన వైపు కిటికీ దగ్గర ఉన్నవాళ్లు అటే చూస్తున్నారు. అంతమంది రాజకీయ నాయకులు మాట్లాడకుండా ఉండటం నేను అదొక్కసారే చూశాను.

చాలాసేపటికి సిస్టరు మళ్లీ వచ్చింది. ఈసారి మెల్లగా నడిచింది. గుమ్మంలో ఆగి ముఖం తుడుచుకుంది.

"ఆడపిల్ల. ఏడ్చింది. తల్లికి గూడ మంచిగనే ఉన్నది," అన్నది. తర్వాత చెమటతో తడిసిపోయిన మమ్మల్ని ఒకసారి చూసి, "ఇగ ఫ్యాన్లు ఏసుకోండ్రి," అన్నది.

నేను మెయిన్ మీద చెయ్యి వేశాను. పటేల్ కుర్చీలోంచే చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు.

"ఉండనియ్యి సారూ. ఇంకా కుట్లు ఏస్తుండొచ్చు."